కుడిచేతికొకటి, ఎడమచేతికొకటి

హోర్బాక్,
14 జూలై 1981

చిరంజీవి రెగూలాకు,

నువ్వడిగిన పూలు కోశాం. మేతబీడు పైభాగంలో, ఎవరూ ఎరువు వెయ్యని వాలులో, ఈ ఏడు ఆర్నికా విరగబూసింది. పక్కింటి మేదీ, నేనూ మూడు రోజులు వంగి కోశాం. నడుము మేదీది, వేళ్ళు నావి, రెండూ పనికిరానివే, అయినా నాలుగు దుప్పట్ల పూలయ్యాయి. పచ్చివి పచ్చిగానే బుట్టల్లో పెట్టి బస్సు డ్రైవరుకు అప్పగించాను. ఎండ తగలనివ్వొద్దని మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి చెప్పబోతే తలుపు వేసుకున్నాడు.

ఇంతకీ పరీక్ష అంటే ఏమిటే? మా అమ్మ, అంటే మీ నాయనమ్మ, ఈ పూలనే కొవ్వులో కాచి మోకాళ్ళకు పట్టించి ఎనభై ఏడేళ్ళ దాకా కొండెక్కింది. ఆవిడ పరీక్ష పెట్టలేదు, రాసుకుంది. నువ్వేమో డాక్టరు చదివి, బెర్న్‌లో ప్రొఫెసరు పక్కన కూర్చుని, ఆర్నికా కీళ్ళనొప్పులు తగ్గిస్తుందా అని మా ఊరివాళ్ళనే అడుగుతానంటున్నావు. ఊళ్ళో అందరూ ఒప్పుకున్నారు. నువ్వు మీ నాన్న కూతురివని కొందరు, మందు ఊరికే వస్తుందని కొందరు.

నా సంగతి రాయమన్నావు. ఈ ఉత్తరం నిన్న మొదలుపెట్టాను. రెండు చేతులూ పొద్దున పిడికిలి పడవు. ఎడమదాన్ని క్షమించేస్తాను, కుడిచెయ్యే నన్ను ఏడిపిస్తోంది. నీకు తెలుసుగా, ముప్పై ఒక్క ఏళ్ళు ప్రతి చీజ్ పంపకానికీ నల్లకాగితంలో కొండెక్కే ఆవుల వరుస కత్తిరించి పాడి సంఘం గోడకు తగిలించాను. పోయినేడు బొటనవేలు కత్తెరలో నిలవలేదు. గోడ ఖాళీగా ఉండిపోయింది. సంఘం పెద్ద గోదీ ఆ మేకు వంక చూసి చీజ్ లెక్క చూసుకోవడానికి వెళ్ళిపోయాడు. ఆయన ఏమైనా అనుంటే బాగుండేది.

నీ మందు నా కత్తెర నాకు తిరిగిస్తే చాలు. మిగతాది నీ ప్రొఫెసరు ఉంచుకోవచ్చు.

నీ మేనత్త,
ట్రీని

—

బెర్న్,
9 ఆగస్టు 1981

ట్రీని అత్తా,

పూలు వాడకుండా వచ్చాయి. డ్రైవరు బుట్టల మీద తన కోటు కప్పి తెచ్చాడట. నీకు భయపడినట్టున్నాడు.

పరీక్ష ఎందుకంటావా? నాయనమ్మ రాసుకుంది, తగ్గింది, నిజమే. కానీ ఏది తగ్గించిందో మనకు తెలియదు. పువ్వా, కొవ్వా, అరగంట సేపు మోకాలు పట్టడమా, లేక వేసవి రావడమా? నాకు చిన్నప్పటినుంచీ ఇదే సందేహం. అప్పుడు అడిగితే నువ్వు నా నోట్లో ఎండు పియర్ పండు ముక్క పెట్టి పంపించేశావు.

అందుకని ముప్పై ఆరు డబ్బీలు చేస్తున్నాం. పద్దెనిమిదింటిలో ఆర్నికా కలిపిన మలాం, పద్దెనిమిదింటిలో వట్టి మలాం. రంగు ఒకటే. రెండింటిలోనూ దేవదారు నూనె వేశాం, కాబట్టి నీ ముక్కు కూడా కనిపెట్టలేదు. ఎవరికి ఏది వెళ్ళిందో నాకూ తెలియదు. నంబర్ల చిట్టా ప్రొఫెసర్ ఎష్లిమన్ బీరువాలో ఉంటుంది. మూడు నెలలయ్యాక కవరు తెరుస్తాం. ఆర్నికా రాసుకున్నవాళ్ళ చేతులు వట్టి మలాం వాళ్ళకన్నా బాగుపడితే, పువ్వు పనిచేసినట్టు.

సెప్టెంబరులో చీజ్ పంపకం రోజునే వచ్చి డబ్బీలు పంచి, చేతుల కొలతలు తీసుకుంటాను. ప్రొఫెసరుకు దీని మీద పెద్ద నమ్మకం లేదు. ఒక్కసారికి ఒప్పుకున్నాడు. ఈ ఒక్కసారిలో అవునో కాదో తేలాలి అత్తా. ఏదైనా ఫరవాలేదు, తేలాలి.

రెగూలా

—

హోర్బాక్,
18 అక్టోబరు 1981

రెగూలాకు,

నువ్వు వెళ్ళాక మంచు రెండుసార్లు పడి కరిగింది. ఆవులు కొట్టాల్లోకి వచ్చేశాయి. డబ్బీలు అందరూ శ్రద్ధగా వాడుతున్నారు. పొద్దున, సాయంత్రం, నువ్వు చెప్పినట్టే. నువ్విచ్చిన కాగితాల్లో గడులు కూడా నింపుతున్నారు. గోదీ తన గడుల్లో వాతావరణం కూడా రాస్తున్నాడు, ఏమీ అనుకోకు.

ఊళ్ళో ఎవరికీ ఎవరి మీదా అసూయ లేదు. అందరూ సంతోషంగా ఉన్నారు.

గోదీకి మణికట్టు దగ్గర ఎర్రగా దద్దురు వచ్చింది. గోక్కుంటున్నాడు. మేదీకి కూడా. అంతకన్నా విశేషాలు లేవు.

ట్రీని

—

బెర్న్,
6 నవంబరు 1981

ట్రీని అత్తా,

నీ ఉత్తరం ఇంత పొట్టిగా ఎప్పుడూ లేదు. చెయ్యి ఎక్కువ నొప్పిగా ఉందా? నిజం చెప్పు, లేదా గడిలో రాయి.

దద్దురు సంగతి పట్టుకుని కూర్చున్నాను. ఆర్నికా కొందరి చర్మానికి పడదు, అది తెలిసిందే. గోదీ మామకూ మేదీకీ వెంటనే ఆపమను, చన్నీళ్ళతో కడుక్కోమను. ఇంకెవరికైనా వస్తే వాళ్ళూ అంతే. కవరు తెరిచేదాకా నేను ఊహించకూడదు, అయినా మనసు ఊరుకోదుగా. ఆ ఇద్దరి డబ్బీల్లో ఆర్నికా ఉండి ఉండాలని వేళ్ళ మీద లెక్క వేస్తున్నాను. చదువుకున్నదాన్ని, సిగ్గుపడాలి.

అందరూ సంతోషంగా ఉన్నారని రాశావు. హోర్బాక్‌లో అందరూ ఒకేసారి సంతోషంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

రెగూలా

—

హోర్బాక్,
13 డిసెంబరు 1981

రెగూలాకు,

దద్దురు వచ్చినవాళ్ళు మొత్తం నలుగురు. నలుగురూ ఆపేశారు, మానిపోయింది. పియర్ రొట్టె చేశాను, దీనితో పాటు పంపుతున్నాను. పిండి నేనే పిసికాను, పోయినేడు మేదీ పిసికింది. అంటే కొంచెం నయమే. కానీ కత్తెర ఇంకా పట్టలేకపోతున్నాను. ఒక చెవి కత్తిరించాను, ఆవుది అనుకున్నాను, కుక్కదిలా వచ్చింది.

ఒకటి అడుగుతాను. ఒకవేళ నీ కవరు కాదని చెబితే, ఆ మాట అచ్చులో వస్తుందా? అచ్చులో వస్తే అది ఎప్పటికీ ఉంటుందా? పై వాలులో కూడా ఎరువు వేసి గడ్డి పెంచాలని సంఘంలో కొందరికి ఎప్పటినుంచో ఉంది. ఎరువు పడితే ఆర్నికా బతకదు. ఊరికే అడుగుతున్నాను.

ట్రీని

—

బెర్న్,
15 జనవరి 1982

ట్రీని అత్తా,

నిన్న కవరు తెరిచాం.

ఆర్నికా డబ్బీ వాళ్ళు పద్దెనిమిది మందిలో పది మందికి నయం. వట్టి మలాం వాళ్ళు పద్దెనిమిది మందిలో పది మందికి నయం. క్రిస్మస్‌కు నేనొచ్చి కొలిచిన పిడికిలి బలంలో తేడా లేదు. వాపులో తేడా లేదు. ప్రొఫెసరు కళ్ళజోడు తుడుచుకుని, "సరే, తేలిందిగా అమ్మా" అన్నాడు. ఎగతాళిగా అనలేదు. అందుకే ఇంకా కష్టంగా ఉంది.

తేలాలన్నాను, తేలింది. నాయనమ్మ మోకాళ్ళను కొవ్వూ, ఓపికా నడిపించాయన్నమాట. నెలాఖరుకు నివేదిక పంపాలి. ఆర్నికా వట్టి మలాం కన్నా మేలు కాదని రాస్తాను. అవును, అచ్చులో వస్తుంది. నీ కత్తెర విషయంలో నీకు ఆశ పెట్టినందుకు నన్ను క్షమించు.

ఒక్కటి మాత్రం అర్థం కావడం లేదు. దద్దురు వచ్చిన నలుగురిలో గోదీ మామ, ఇంకొకాయన వట్టి మలాం వాళ్ళు. వట్టి మలాం దురద పెట్టదు అత్తా. మేం ముందే పాతికమందికి రాసి చూశాం. నేను కొలవడంలో ఎక్కడో తప్పు చేశాను. ఎక్కడో తెలియడం లేదు. నిద్ర పట్టడం లేదు.

రెగూలా

—

హోర్బాక్,
18 జనవరి 1982

రెగూలా,

నివేదిక పంపకు. నీ తప్పేమీ లేదు. తప్పు నాది, గరిటె తిప్పింది నేను.

నువ్వు డబ్బీలు పంచి నాలుగు గంటల బస్సెక్కావు. మేం ఇంకా పాడి సంఘంలోనే ఉన్నాం, చీజ్ కుప్పలు మోసుకెళ్ళడానికి. అందరి ఆవుల పాలూ ఒకే రాగి కాగులో పోసి చీజ్ చేసి, పంపకం నాడు కుప్పలు సమానంగా పేర్చి, చిన్నదీ పెద్దదీ అటూ ఇటూ మార్చి, అందరూ సరే అన్నాకే కదా మేం చీటీలు తీస్తాం. గోదీ చేతిలో డబ్బీ తిప్పుతూ అన్నాడు:

"సగం మందికి మందు, సగం మందికి ఉత్త కొవ్వట. ఇదేం పంపకం?"

"డాక్టరమ్మ చెప్పిందిగా, చీటీ ప్రకారమే ఇచ్చిందట," అన్నాను నేను.

"చీటీ సరే. ముందు కుప్పలు సమానం చెయ్యకుండా చీటీ తీస్తారా ఎక్కడైనా?"

మేదీ నిట్టూర్చింది. "పాపం, పూలు చాలినట్టు లేవు. అడగడానికి మొహమాటపడింది పిల్ల. పట్నంలో పెరిగింది, దానికి పంపకం ఎవరు నేర్పారు?"

నువ్వు నాకు అంతా వివరంగా రాశావు. ఎందుకలా చేస్తున్నావో ఆ గదిలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. చెప్పాల్సింది. కానీ నా డబ్బీలో ఉత్త కొవ్వు ఉంటే ఇంకో ఏడు కూడా గోడ ఖాళీ అని భయం వేసింది. నోరు మూసుకున్నాను. ముప్పై ఆరు డబ్బీలూ గోరువెచ్చగా కరిగించి, చిన్న కాగులో కలిపి, గడ్డకట్టేదాకా నేనే తిప్పాను. మళ్ళీ ఎవరి డబ్బీలో వాళ్ళకు సమానంగా నింపాం. నీ నంబరు కాగితాలు ఒక్కటి కూడా తడవలేదు.

తర్వాత చెప్పడానికి సిగ్గేసింది. ఊరంతా ఒకే మాట మీద ఉంది, నేను మాత్రం పుల్ల విరిచేదాన్ని ఎలా అవుతాను? నీకు నిద్ర పట్టడం లేదని రాశావు చూడు, అది చదివాక ఇక ఉండలేకపోయాను.

తిట్టు. తిట్టాక మళ్ళీ ఉత్తరం రాయి.

ట్రీని

—

బెర్న్,
20 జనవరి 1982

ట్రీని అత్తా,

నాలుగు నెలలు. ముప్పై ఆరు మంది. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నాకు చెప్పలేదు. అక్టోబరులో దద్దురు రాయడం తెలిసింది, కాగు సంగతి రాయడం తెలియలేదా? నేను మీ అందరి చేతులు పట్టుకుని వేలు వేలూ కొలిచాను. మీరు నన్ను చూసి జాలిపడుతున్నారా?

ఇప్పుడు ఇంతకన్నా రాయలేను.

4 ఫిబ్రవరి

పై కాగితం పోస్టు చెయ్యకుండా రెండు వారాలు సొరుగులో ఉంచాను. ఇప్పుడు దానితో పాటే పంపుతున్నాను. అది కూడా నీకు చేరాల్సిందే.

నీ ఉత్తరం ప్రొఫెసరుకు చదివి వినిపించాను. ఆయన కాగు దగ్గరికి వచ్చేసరికి బల్ల పట్టుకుని నవ్వాడు. నేను నవ్వలేదు. చివరికి ఆయనే అన్నాడు: "అందరికీ సగం బలం మందు వెళ్ళిందన్నమాట. మనకింకా ఏమీ తేలలేదు." ఏమీ తేలలేదన్న మాట నాకు ఇంత తియ్యగా ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

మేదీ అన్నదే నిజం. నాకు పంపకం చెయ్యడం రాదు. అందుకని ఆలోచించాను. మనిషికి ఒక డబ్బీ ఇస్తేనే కదా ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ? ఈసారి మనిషికి రెండు డబ్బీలు. ఒకదానిలో ఆర్నికా, ఇంకోదానిలో వట్టి మలాం. ఒకటి కుడిచేతికి, ఒకటి ఎడమచేతికి. ఏ చేతికి ఏది అన్నది చీటీ. కుప్పలు అందరికీ సమానం. ఎవరి చేతిని వాళ్ళ ఇంకో చేతితోనే పోలుస్తాం. ప్రొఫెసరు వెంటనే ఒప్పుకున్నాడు. ఇది ముందే ఎందుకు తట్టలేదని నన్ను కాదు, తనను తాను తిట్టుకున్నాడు.

గోదీ మామకు చెప్పు. ఆయన సరే అంటేనే.

రెగూలా

—

హోర్బాక్,
21 ఫిబ్రవరి 1982

చిరంజీవి రెగూలాకు,

తిట్లు అందాయి. న్యాయమైనవే. గోదీకి చదివి వినిపిస్తే నోట్లోని పొగపైపు తీసి, "ఇది పంపకం" అన్నాడు. రెండు చేతుల్లోనూ నొప్పులున్న ఇరవై ఎనిమిది మంది పేర్లిచ్చారు. దద్దురు వచ్చిన నలుగురినీ నేనే వద్దన్నాను. గోదీ నొచ్చుకున్నాడు. చీటీల బుట్ట పట్టుకునే పని ఇచ్చాను, సర్దుకున్నాడు.

ఒక్క ప్రశ్న. మీ ఆస్పత్రిలో ఎవరికీ రెండు చేతులు లేవా? కుడిచేతికి మలాం దేనితో రాసుకుంటాం? ఎడమచేత్తో. ఎడమచేతికి? కుడిచేత్తో. ఇక తేడా ఏం మిగులుతుంది నీ మొహం? మీ ప్రొఫెసరు కూడా ఒప్పుకున్నాడా దీనికి?

నా దగ్గర ఉపాయం ఉంది. మీగడ తీసే చెక్కచెంచాలు చిన్నవి గోదీ చెక్కుతాడు, మనిషికి రెండు. చెంచాతో తీసి, చెంచా వెనకవైపుతోనే రుద్దాలి. ఆరేదాకా చేతులు కలపకూడదు. దేవుడి ప్రార్థన తర్వాత చేసుకోవచ్చు.

నీ అత్త,
ట్రీని

—

బెర్న్,
2 మార్చి 1982

ట్రీని అత్తా,

నీ ప్రశ్న చదివి ప్రొఫెసరు తన రెండు చేతులూ చాలాసేపు చూసుకున్నాడు. చెంచాలు చెక్కించు. యాభై ఆరు.

జూలైలో పూలకు నేనే వస్తాను. డబ్బీలు అక్టోబరులో. ఒక్కటే షరతు: ఏ చెయ్యి నయంగా ఉందో నాకు ఉత్తరాల్లో చెప్పకూడదు. ముఖ్యంగా నువ్వు.

రెగూలా

—

హోర్బాక్,
12 డిసెంబరు 1982

చిరంజీవి రెగూలాకు,

ఇది మేదీ చేతిరాత, మాటలు నావి. నా రాత చూస్తే నీకు తెలిసిపోతుందేమోనని ఆమెను కూర్చోబెట్టాను. పెద్ద అక్షరాలు రాయకు మేదీ, కాగితం వృథా.

రెండు నెలలయింది. నాకు ఒక చెయ్యి మారింది. ఏదో చెప్పను. రెండోది ఎలా ఉందో అలాగే ఉంది. పొద్దున ఒక్క చెయ్యే మూసుకుంటుంటే ఎంత వింతగా ఉందో తెలుసా? ఎవరిదో చెయ్యి అరువు తెచ్చుకున్నట్టుంది. రోజూ మంచం మీద కూర్చుని రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. డెబ్బై ఏళ్ళొచ్చాక ఇలా ఒక సంగతి తెలుసుకోవాలని మనసు పీకుతుందని అనుకోలేదు. నీ సందేహం నాకు అంటుకుంది.

పోయిన వారం పాపం చెయ్యబోయాను. మంచి డబ్బీలోది ఒక్క చెంచా రెండో చేతికి రాస్తే ఏమవుతుంది? చెంచా చేతి దాకా వెళ్ళింది కూడా. అప్పుడే గోదీ పాలడబ్బా కోసం వచ్చాడు. చూశాడు.

"చీటీ తీశాక కుప్ప మార్చుకోరు ట్రీనీ," అన్నాడు.

అంతే. చీజ్ విషయంలో డెబ్బై ఏళ్ళలో ఎవరూ మార్చుకోవడం నేను చూడలేదు, కుప్పలో పగిలిన చీజ్ వచ్చినా సరే. చెంచా తుడిచి పెట్టేశాను.

నేను మేదీని. ఆమె నిజంగానే రాసుకోలేదు. ఆ చెంచా నేను కడిగాను. నన్నెందుకు మళ్ళీ చేర్చుకోలేదని అడిగే హక్కు నాకు లేదనుకుంటా, దద్దురుదాన్ని కదా. అయినా ఒక చేతికి వట్టి వెన్న రాసి చూసుకుంటున్నాను, మా ఆయనకు తెలియదు. ఏ చేతికీ తేడా తెలియట్లేదు, అది కూడా రాసుకో.

ట్రీని (మేదీ చేత)

—

బెర్న్,
11 ఫిబ్రవరి 1983

ట్రీని అత్తా,

చిట్టా తెరిచి, మీరు నంబర్లతో పంపిన గడుల కాగితాలతో సరిచూశాం. ఇరవై ఎనిమిది మందిలో పదహారుమందికి ఆర్నికా రాసిన చెయ్యే నయం. ఆరుగురికి వట్టి మలాం చెయ్యి నయం. ఆరుగురికి తేడా లేదు.

పెద్ద అద్భుతమేమీ కాదు. ఒక చిన్న ఊరు, ఒక్క శీతాకాలం. కానీ ప్రొఫెసరు ఈసారి తేలిందనలేదు. "ఇంకా పెద్ద ఎత్తున చూడాలి" అన్నాడు. ఆయన నోట అది పెద్ద మాట. వచ్చే ఏడు రెండు లోయలు కలుపుతున్నాం. పై వాలులో ఎరువు వెయ్యొద్దని సంఘానికి ఆయనే రాస్తానన్నాడు.

మీ అందరి చీటీలూ ప్రొఫెసరు పేర్లు రాసి అంటించిన విడివిడి కవర్లలో పంపుతున్నాను. నీ కవరు నేను తెరవలేదు. లెక్కలో నువ్వు ఒక నంబరు మాత్రమే, ఆ నంబరు ఏదో నేను వెతకలేదు. నువ్వే తెరిచి చెప్పు. కత్తెర సంగతి అడగాలని ఉంది, అడగడానికి భయంగా ఉంది. నీ కుడిచేతికి ఆర్నికా రావాలని నేను కోరుకోకూడదు. కోరుకున్నాను.

రెగూలా

—

హోర్బాక్,
20 ఫిబ్రవరి 1983

చిరంజీవి రెగూలాకు,

ఈ అక్షరాలు చూసి బడిపిల్ల ఉత్తరమనుకుని పారెయ్యకు. నేనే. ఎడమచేత్తో రాస్తున్నాను.

కవరు తెరవకముందే నాకు తెలుసు. ఎడమచెయ్యి నవంబరు నుంచే మూసుకుంటోంది, గిన్నె పడుతోంది, గుండీలు పెడుతోంది. కుడిచెయ్యి ఎప్పటిలాగే ఉంది. కత్తెర పట్టే చెయ్యి. కవరు తెరిస్తే అదే ఉంది. ఎడమ, ఆర్నికా. కుడి, వట్టి మలాం.

నీ మీద కోపం రాలేదు. రెండు రోజులు ఏడుపు మాత్రం వచ్చింది, అది డిసెంబరులోనే. తర్వాత ఆలోచించాను. మంచి చెయ్యి ఒకటి ఉంది, దానికి పని రాదు, అంతే కదా. బస్సు డ్రైవరు చేత తూన్ పట్నం నుంచి ఎడమచేతివాటం వాళ్ళ కత్తెర తెప్పించాను. ఆయన ఈసారి రెండోసారికే విన్నాడు. రోజూ ఒక ఆవు. మొదటి ఆవులకు ఐదేసి కాళ్ళొచ్చాయి, పొయ్యిలో వేశాను. నీకు రాయలేదు, రాస్తే ఏ చెయ్యో తెలిసిపోతుంది. ఎంత కష్టపడి దాచానో నీకు తెలియదు. పోయినసారి దాచినదానికి ఇది చెల్లు.

మొన్న ఆదివారం పాడి సంఘం గోడకు తగిలించాం. పదకొండు ఆవులు, ఒక మేక, గోదీ, గోదీ పైపు. ముప్పై ఒక్క ఏళ్ళు నా ఆవులు కుడివైపుకు కొండెక్కాయి. ఎడమచేతికి అలా కుదరలేదు, అన్నీ ఇటు తిరిగి కిందికి దిగుతున్నాయి. గోదీ టోపీ తీసి చాలాసేపు చూసి, "ఈసారి ఇంటికొస్తున్నాయి" అన్నాడు.

చిట్టా తెరిచామని రాశావు, అంటే పరీక్ష అయిపోయింది. మూడుసార్లు చదివి నిజమేనని రూఢి చేసుకున్నాను. ఎడమ డబ్బీలో అడుగున ఇంకాస్త మిగిలింది. ఇవాళ పొద్దున దాన్ని కుడిచేతికి రాసుకున్నాను. చెంచాతో కాదు, ఎడమచేత్తోనే, నెమ్మదిగా, ఒక్కో వేలికీ.

ఏమవుతుందో చూసి రాస్తాను.

నీ అత్త,
ట్రీని